పేపర్ మిల్లు ఆటోమేటిక్‌గ నడుస్తదట, మరి వాల్వ్ ఎవరు విప్పుతరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్ల ఉత్తరాల కాలంల ఇద్దరు రాసిన ముచ్చట మీద ఇది రాస్తున్న. ఒకాయన మిల్లులల్ల కంప్యూటర్లు వచ్చి మనోళ్ల కొలువులు మింగినయ్ అని రాసిండు. ఇంకొకాయన దానికి జవాబుగ, ఇప్పుడన్నీ ఆటోమేటిక్, బటన్ నొక్కితే కాగితం వస్తది, లోకల్ వాళ్లను పెట్టుకోండని కంపెనీలను బలవంతం చేసుడేంది అని రాసిండు. నేను పేపర్ మిల్లులల్ల ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గ పని చేసి రిటైర్ అయ్యి హనుమకొండల ఉంటున్న. ఇద్దరి మాటలల్ల సగం సగం నిజం ఉన్నది గానీ అసలు సంగతి ఇద్దరూ వదిలేసిన్రు. ఉత్తరం జర పొడుగైతది, మీకు జాగ లేకపోతే కట్ చేసుకోండి, వాల్వ్ గురించి రాసింది మాత్రం ఉంచండి.

మన దిక్కు పేపరు కొత్తదేం కాదు. సిర్పూర్ పేపర్ మిల్లు 1938ల పెట్టిన్రు, 1942ల కాగితం తీసుడు షురూ అయింది, ఊరి పేరే కాగజ్‌నగర్ అయిపోయింది. 2014ల బంద్ పడ్డది, 2018ల జేకే పేపర్ వాళ్లు తీసుకుని మళ్ల నడిపిస్తున్రు. అదే 2014ల ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంల బిల్ట్ (బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్) వాళ్ల రేయాన్ పల్ప్ ఫ్యాక్టరీ బంద్ అయింది, అక్కడి కార్మికులు ఎంత గోస పడ్డరో మన దిక్కు అందరికీ తెలుసు. ఎలక్షన్ వచ్చిందంటే చాలు ఈ మిల్లుల మాట వస్తది, లోకల్ కొలువులు అనే మాట వస్తది. ఏ కొలువు, దానికి ఏం రావాలె, అది ఎక్కడ నేర్పుతరు అని అడిగేటోడు మాత్రం ఒక్కడు కనపడడు.

ముందుగాల బటన్ సంగతి చెప్త. పేపర్ మిల్లుల బటన్ అనేది ఒకటి ఉండదు, లూప్‌లు ఉంటయ్. లూప్ అంటే ఒక కొలిచేది, ఒక లెక్క చేసేది, ఒక తిప్పేది. కొలిచేదాన్ని ట్రాన్స్‌మిటర్ అంటం, లెక్క కంట్రోల్ రూంల డీసీఎస్ అనే కంప్యూటర్ సిస్టం చేస్తది, తిప్పేది వాల్వ్. ఒక మామూలు పెద్ద మిల్లుల ఇసొంటి లూప్‌లు రెండు వేల పైన ఉంటయ్. డీసీఎస్ మొన్న వచ్చింది కూడ కాదు, హనీవెల్ వాళ్లు, జపాన్‌ల యోకొగావా వాళ్లు 1975లనే తెచ్చిన్రు, అంతకు ముందు గాలి ప్రెజర్ తోటి నడిచే కంట్రోలర్లు ఉండేటివి, 3 నుంచి 15 పీఎస్‌ఐ, సన్న రాగి ట్యూబులు గోడల పొంటి పోయేటివి, లీక్ అయితె సబ్బు నీళ్లు పెట్టి చూసేటోళ్లం.

ఇగ డైజెస్టర్, అంటే కట్టె ముక్కలను ఉడకపెట్టే పెద్ద కుండ, దాని కాడికి వస్త. సుబాబుల్, జామాయిల్ చిప్స్‌ను కాస్టిక్, సోడియం సల్ఫైడ్ ఉన్న వైట్ లిక్కర్ల పోసి స్టీమ్ పెట్టి 160, 170 డిగ్రీల దగ్గర ఉడకపెడ్తరు. పాత రోజులల్ల దీనికొక సీనియర్ మనిషి ఉండేటోడు, గేజ్ చూసి గడియారం చూసి ఇగ చాలు బ్లో చెయ్యిన్రి, అంటే గుజ్జును బయటికి వదలిన్రి, అనేటోడు. ఇప్పుడు కంప్యూటర్ హెచ్ ఫ్యాక్టర్ అని లెక్క కడ్తది, 1957ల వ్రూమ్ అనే ఆయన ఇచ్చిన లెక్క అది, టెంపరేచర్‌నూ టైమ్‌నూ కలిపి ఒక్క నంబర్ చేసుడు. అదెందుకంటే 160 నుంచి 170కి పోతే ఉడుకుడు స్పీడ్ రెండింతలు దాటుతది, పది డిగ్రీలకే, మధ్యల స్టీమ్ ప్రెజర్ పడిపోయిందనుకోండి ఇంకెంతసేపు ఉంచాలె అన్నది మనిషి అందాజగ చెప్పుడు కష్టం, కంప్యూటరైతే ఎప్పటికప్పుడు కూడుకుంట పోయి ఆ నంబర్ వచ్చినప్పుడే ఆపుతది. మంచిదే, నేను కాదనను. కానీ ఆ లెక్కంతా నిలబడ్డది ఒక టెంపరేచర్ ఎలిమెంట్, అంటే వేడి కొలిచే సెన్సర్ మీద. లోపల అసలు 170 ఉంటే అది 168 చూపిస్తున్నదనుకోండి, రెండు డిగ్రీలే గదా అనుకుంటం, స్పీడ్ లెక్కల 15 శాతం తేడా వస్తది, కంప్యూటర్ ఇంకా ఉడకలే అనుకుని ఇంకా ఉంచుతది, గుజ్జు మరీ మెత్తబడి దిగుబడి పోతది, నార బలం పోతది. స్క్రీన్ మీద మాత్రం అంతా పచ్చగనే కనపడ్తది. ఆ ఎలిమెంట్ తీసి స్టాండర్డ్ తోటి చెక్ చేసేటోడు ఒకడు ఉండాలె. కంప్యూటర్ దాని పని అది సక్కగనే చేసింది, దానికి అబద్ధం చెప్పింది సెన్సర్.

ఇప్పుడు పేపర్ మెషీన్. గుజ్జు నీళ్లు పోసే హెడ్ బాక్స్ నుంచి, వైర్ అనే తిరిగే జాలి మీదికి వచ్చేదాంట్ల నార ఒక శాతం కంటే తక్కువనే ఉంటది, మిగిలిందంతా నీళ్లు. వైర్ మీద కొంత, ప్రెస్‌ల కొంత నీళ్లు పోయి, మిగిలింది డ్రయర్ల స్టీమ్ తోటి ఆరి రీల్ కాడికి వచ్చేసరికి తడి ఐదారు శాతానికి దిగుతది. రీల్ ముందట స్కానర్ అని ఒక ఫ్రేమ్ ఉంటది, దాని మీద సెన్సర్ ఈ అంచు నుంచి ఆ అంచుకు తిరుగుతనే ఉంటది, జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములున్నదో అది, మాయిశ్చర్ అంటే తడి, ఈ రెండు చూస్తది. జీఎస్‌ఎం కొలిచేది బీటా రేడియేషన్ తోటి, చాలా వాటిల్ల క్రిప్టాన్-85 అనే సోర్స్ ఉంటది, కాగితం బరువు పెరిగితే అవతలికి వచ్చే కణాలు తగ్గుతయ్, అంతే కథ. ఆ సోర్స్ సుమారు పదకొండేండ్లల్ల సగమైతది, అణుశక్తి నియంత్రణ బోర్డు (ఏఈఆర్‌బీ) పర్మిషన్ లేంది దాన్ని ముట్టుడు నేరం. కాగితం మెషీన్ నిమిషానికి 600 మీటర్ల స్పీడ్ మీద పోతున్నదనుకోండి, సెన్సర్ ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పోనీకి 30 సెకన్లు పడ్తదనుకోండి, అంతల 300 మీటర్ల కాగితం దాని కింద నుంచి వెళ్లిపోతది, సెన్సర్ చూసింది దాంట్ల ఏటవాలుగ ఒక సన్నటి గీత మాత్రమే. మిగిలింది చూడనే లేదు. అందుకే చూసిన దాంట్ల నుంచి అడ్డం పొంటి తేడా ఎంత, పొడుగు పొంటి తేడా ఎంత అని లెక్క తోటి విడదీస్తరు.

ఇంకో తిప్పలు ఏందంటే లేటు. జీఎస్‌ఎం తగ్గిందని స్కానర్ చెప్తే, గుజ్జు ఎక్కువ పంపే వాల్వ్ మెషీన్ అవతలి కొసకు ఉంటది, అక్కడ తిప్పింది ఇక్కడ కనపడాలంటే ఆలస్యమైతది. ఎస్సారెస్పీ కాకతీయ కాలువ కింద టెయిలెండ్ రైతులను అడగండి, పైన గేటు ఎత్తినంక నీళ్లు ఇంకా రాలేదని ఇంకొంచెం ఎత్తిస్తరు, తర్వాత రెండు సార్లు ఎత్తిన నీళ్లు ఒక్కసారే వచ్చి మీద పడ్తయ్. కొత్త ఆపరేటర్ చేతితోటి నడిపితే అట్లనే అయితది, పెంచుడు, కనపడలేదని మళ్ల పెంచుడు, అటెన్క తగ్గించుడు, షిఫ్ట్ మొత్తం దాని ఎన్క ఉరుకుడే. పాత మెషీన్ టెండర్లు, అంటే మెషీన్ నడిపేటోళ్లు, ఓపిక పట్టేటోళ్లు, చెయ్యి పెట్టి ఆగేటోళ్లు. ఆ ఓపికను లెక్కల పెట్టినాయన ఓటో స్మిత్ అని ఇంజనీరు, 1957లనే, ఇప్పుడే తిప్పిన దాని ఫలితం ఇంక రాలేదు, వస్తది, ఆగు అని కంట్రోలర్‌కు ముందే చెప్పే పద్ధతి అది. ఇయ్యాల్టి మిల్లులల్ల ఉన్నవి దాని పిల్లలే.

దీంతోటి లాభం ఎంత అంటే, తేడాలు తగ్గితే మాయిశ్చర్ టార్గెట్‌ను నాలుగున్నర నుంచి ఐదున్నరకు పెంచుకోవచ్చు, ఎక్కడో ఒక తావుల లిమిట్ దాటుతదేమో అన్న భయం తోటి మొత్తం కాగితాన్ని ఎక్కువ ఆరబెట్టే అవసరం ఉండదు, అంత స్టీమ్ మిగిలినట్టు, నార బదులు నీళ్లు అమ్మినట్టు కూడ, అది వేరే ముచ్చట లెండి. అట్లనే ప్రెస్‌ల ఒక్క శాతం తడి ఎక్కువ పిండితే డ్రయర్ల స్టీమ్ ఖర్చు సుమారు నాలుగు శాతం తగ్గుతది. కోర్టు దగ్గర జిరాక్స్ షాపులల్ల కాగితం వంకర పోయి మెషీన్ల ఇరుక్కుంటే షాపాయన కాగితం కంపెనీని తిడ్తడు గదా, రెండు దిక్కుల ఒక్క తీరుగ ఆరకుంటే కూడ అట్లనే వంగుతది.

ఇగ వాల్వ్ గురించి. ఎడిటర్ గారూ ఇది ఉంచండి.

లూప్‌ల కంప్యూటర్ ఎంత తెలివైందైనా చివరికి తిరిగేది ఒక ఇనుప వాల్వ్. దాని రాడ్ చుట్టూ లీక్ కాకుండ గ్లాండ్ ప్యాకింగ్ ఉంటది. లీక్ అయితున్నదని ఎవడో ఒకడు గ్లాండ్ బోల్టులు గట్టిగ బిగిస్తడు, లీక్ ఆగుతది, వాల్వ్ పట్టేస్తది. ఇప్పుడు కంప్యూటర్ 50 నుంచి 51కి పో అంటది, వాల్వ్ కదలదు. 52 అంటది, కదలదు. 53 అనేసరికి ఒక్కసారే దుంకి 54 కాడ పడ్తది. ఎక్కువైంది వెనక్కి రా అంటది, మళ్ల కదలదు, మళ్ల దుంకుతది. స్క్రీన్ మీద ట్రెండ్ మీదికి కిందికి మీదికి కిందికి, గంటలు గంటలు. జీఎస్‌ఎం దాంతోటే ఊగుతది. ఆపరేటర్ విసిగిపోయి లూప్‌ను మాన్యువల్‌ల పెడ్తడు, గీత సాఫ్‌గ వస్తది, చూసిన్రా సార్ ఆటో పనికిరాదు అంటడు. మేనేజర్ పూణె నుంచి కంపెనీ ఇంజనీర్‌ను పిలుస్తడు, ఆయన ఫ్లయిట్ దిగి ట్యాక్సీల వచ్చి కంట్రోల్ రూంల ఏసీల కూర్చుని ట్యూనింగ్ నంబర్లు, అంటే కంట్రోలర్ ఎంత జోరుగ స్పందించాలె అని చెప్పే సెట్టింగులు, మార్చి లూప్‌ను నెమ్మది చేసి పోతడు, కొన్ని రోజులు బాగనే ఉంటది, మళ్ల మొదలు. గ్లాండ్ ఎవడూ చూడడు. చూడాలంటే లూప్‌ను మాన్యువల్‌ల పెట్టి వాల్వ్‌కు సిగ్నల్ కొంచెం కొంచెం పెంచుకుంట పోయి రాడ్ ఎప్పుడు కదిలిందో పక్కన నిలబడి కండ్లతోటి చూసుడే, ఇంకేం పెద్ద విద్య కాదు. ప్యాకింగ్ మార్చాలె, వాల్వ్‌ను చెప్పిన తావుల నిలిపే పొజిషనర్ సెట్ చేయాలె. నేను పని చేసిన ఒక మిల్లుల కోట్లు పెట్టి కొన్న సిస్టం ఉండె, ముఖ్యమైన లూప్‌లు మాన్యువల్‌లనే నడిచేటివి, ఏండ్ల కొద్ది అట్లనే, అందరికీ అలవాటైపోయింది.

ఇది మన దేశం రోగమే అనుకోకండి. కెనడా పేపర్ మిల్లులల్ల బియల్కోవ్‌స్కీ అనే ఇంజనీర్ లూప్‌లు ఒక్కొక్కటి పరీక్ష చేసి 1993ల లెక్క చెప్పిండు, నిజంగ పని చేసి తేడా తగ్గించేటివి 20 శాతమే ఉన్నయట. 30 శాతం ట్యూనింగ్ బాగలేక, ఇంకో 30 శాతం వాల్వ్‌ల వల్ల పాడయినయట. కెనడా అంటే కాగితానికి పేరున్న దేశం, వాళ్ల గతే అది.

అందుకని బటన్ నొక్కితే కాగితం వస్తది అన్న ఆయనకు నా జవాబు, రాదు సార్.

మొదటాయనకు కూడ ఒక మాట చెప్పాలె, ఆయనకు నచ్చదు. పోయిన కొలువులు పోయినయ్. ప్రతి స్టీమ్ వాల్వ్ కాడ ఒక మనిషి, రీల్ నుంచి ముక్క కోసి ల్యాబ్‌కు ఉరికే పిల్లగాడు, చార్ట్ పేపర్లు మార్చేటోడు, ఇవి తిరిగి రావు, వస్తయని చెప్పే లీడర్ అబద్ధం చెప్తున్నట్టే. మిల్లు తెరిస్తే వెనకటి లెక్క వేల మందిని లోపలికి తీసుకుంటరని ఆశ పెట్టుకుంటే మోసపోతం. ఇప్పుడు లోకల్ వాళ్లకు ఇస్తున్నది ఏంది, లోడింగ్, అన్‌లోడింగ్, బ్రోక్ అంటే ఖరాబైన కాగితం ఎత్తుడు, స్వీపింగ్, అది కూడ కాంట్రాక్టర్ కింద. లోపల కంట్రోల్ రూంల, ఇన్‌స్ట్రుమెంట్ షాపుల ఎవరున్నరో చూడండి. బయట రాష్ట్రం పిల్లలు ఎక్కువ ఉంటరు, మంచి పిల్లలే, వాళ్ల మీద నాకేం కోపం లేదు, వాళ్లకు నేర్పినోళ్లు ఉన్నరు.

లోపలి పని తెలియకుంటే ఏమైతదో రికవరీ బాయిలర్ కాడ చూడాలె. గుజ్జు కడిగినంక మిగిలిన నల్ల లిక్కర్‌ను ఎవాపరేటర్ల చిక్కగ చేసి బాయిలర్ల కాల్చుతరు, స్టీమ్ కు స్టీమ్ వస్తది, కాస్టిక్ కు కావాల్సిన కెమికల్ కరిగి కింద స్మెల్ట్‌గ కూడుతది. లిక్కర్ చిక్కదనం 58 శాతం కంటే తగ్గితే దాన్ని బాయిలర్లకు పోనీయకుండ ఇంటర్‌లాక్, అంటే ప్రమాదం రాకుండ తనంతట తానే ఆపే ఏర్పాటు, పక్కకు మళ్లించాలె, ఎందుకంటే నీళ్లు కరిగిన స్మెల్ట్ మీద పడితే పేలుడే. దానికి చిక్కదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్లు రెండు పెడ్తరు, ఒకటి తప్పు చూపినా రెండోది పట్టుకోవాలని. ఇప్పుడు ఆ మీటర్ గాజు మీద పొర పట్టి తప్పు చూపించి ఊకె ట్రిప్ అయితున్నదనుకోండి, ప్రొడక్షన్ ఆగుతున్నదని పైనుంచి ఫోన్లు, అప్పుడు ఎవడో ఒకడు ఒక చిన్న వైర్ ముక్కతోటి జంపర్ కొట్టి ఇంటర్‌లాక్ బైపాస్ చేస్తడు. ఆ జంపర్ కొట్టొద్దు అని, పై సార్‌కు ఎదురు నిలబడి, గాజు కడగనీకి టైం ఇయ్యిన్రి అని చెప్పాలంటే ఆ మీటర్ ఏం కొలుస్తదో తెలిసి ఉండాలె. కాంట్రాక్ట్ మీద మొన్న వచ్చి రేపు పోయేటోడు ఎట్ల చెప్తడు.

నీళ్ల సంగతి కూడ అంతే. 2014ల సీపీసీబీ, అంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, 17 రకాల ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమలకు ఆన్‌లైన్ మానిటర్లు పెట్టాలని ఆర్డర్ ఇచ్చింది, పల్ప్ అండ్ పేపర్ అందుల ఉన్నది, మురుగు నీళ్ల రీడింగ్ నేరుగ బోర్డుకు పోతది. సెన్సర్ సక్కగ కడిగి క్యాలిబ్రేట్ చేయకుంటే బోర్డు దగ్గర మంచి నంబరు, వాగుల ఖరాబ్ నీళ్లు. వాగు పక్క ఊరోళ్ల పిల్లగాడు ఆ సెన్సర్ కాడ పని చేస్తే ఎట్లుంటది, నాకైతే బాగుంటది అనిపిస్తది.

మరి నేర్పేది ఎక్కడ. కాగితం చదువు కావాలంటే ఉత్తరప్రదేశ్‌ల సహారన్‌పూర్ పోవాలె, ఐఐటీ రూర్కీ పేపర్ టెక్నాలజీ అక్కడ, సీపీపీఆర్ఐ అనే పరిశోధన సంస్థ కూడ అక్కడే. పోనీయండి, నేను అడిగేది కాగితం చదువు కాదు. ఇన్‌స్ట్రుమెంట్ పని చదువు. ఎందుకంటే ఇది ఒక్క పేపర్ మిల్లుకే పనికొచ్చేది కాదు, రామగుండంల ఎన్టీపీసీ, అక్కడే ఎరువుల ఫ్యాక్టరీ, చెల్పూర్ల కాకతీయ థర్మల్, జైపూర్ల సింగరేణి థర్మల్, మంచిర్యాల దిక్కు సిమెంట్, వీటన్నిట్ల ఉండేది అదే ట్రాన్స్‌మిటర్, అదే పొజిషనర్, అదే 4 నుంచి 20 మిల్లీ ఆంపుల సిగ్నల్. నాలుగు ఎందుకు, సున్నా నుంచి మొదలు పెట్టొచ్చు గదా అని ఇంటర్వ్యూల అడుగుతరు, వైర్ తెగితే సున్నా వస్తది, అసలు రీడింగ్ సున్నా అయితే నాలుగు వస్తది, రెండింటికి తేడా తెలుస్తది, అందుకు. ఇది డిప్లొమా చదివిన పిల్లలను నేను అడిగిన, పరీక్షల రాసిన్రట, మీటర్ పట్టుకుని చూసినోళ్లు తక్కువ.

ఐటీఐలల్ల ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడ్ ఉన్నది, కెమికల్ ప్లాంట్‌కు వేరే ట్రేడ్ కూడ ఉన్నది, పాలిటెక్నిక్‌లల్ల ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఉన్నది. పేరుకు అన్నీ ఉన్నయ్. 2024ల మన ప్రభుత్వం టాటా టెక్నాలజీస్ తోటి కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు చేస్తమని మొదలు పెట్టింది, మంచి పని, అందుల ప్రాసెస్ కంట్రోల్, ఆటోమేషన్ కోర్సు కూడ పెట్టిన్రు. కానీ ఫొటోలల్ల ఎప్పుడు చూసినా రోబో చెయ్యే కనపడ్తది. రోబో చెయ్యి చెన్నై కార్ల కంపెనీలకు పోయేటోనికి పనికొస్తది, కాగజ్‌నగర్ నుంచి రామగుండం దాక ఉన్న ఫ్యాక్టరీలల్ల ఉన్నవి వాల్వ్‌లు సార్, పంపులు, ట్యాంకులు, పైపులు. మన సెంటర్లల్ల ఒక ట్యాంకు, ఒక పంపు, ఒక ఫ్లో మీటర్, గాలితోటి నడిచే ఒక నిజం కంట్రోల్ వాల్వ్, వీటిని నడిపే పీఎల్‌సీ అనే చిన్న కంట్రోల్ కంప్యూటర్ ఒకటి పెట్టండి, అంతే చాలు. కొత్త వాల్వ్ కూడ అవసరం లేదు, మిల్లులల్ల స్క్రాప్ యార్డ్‌ల పడ్డ పట్టేసిన వాల్వే కావాలె, పిల్లలు నేర్చుకోవాల్సిందే అది. లూప్ ఎందుకు ఊగుతున్నదో వాళ్లే కనుక్కోవాలె, ట్యూనింగా, వాల్వా, సెన్సరా. నేర్పనీకి మనుషులు లేరంటరు, కమలాపురంల, సిర్పూర్ల, రామగుండంల చేసి రిటైరైన మెకానిక్‌లు వరంగల్, హనుమకొండ, మంచిర్యాలల్ల ఎందరో ఉన్నరు, గెస్ట్ ఫ్యాకల్టీకి డిగ్రీ లేదని వాళ్లను గేటు కాడనే ఆపుతరు, ఆ రూల్ ఒక్కటి సడలించండి.

లీడర్లకు కూడ ఒకటి. కంపెనీతోటి ఒప్పందం రాసుకునేటప్పుడు ఇంత మంది లోకల్ అని మొత్తం మీద లెక్క రాయకండి, స్వీపర్లతోటి ఆ లెక్క నింపుతరు. ఇన్‌స్ట్రుమెంట్ షాపుల ఇంత మంది, కంట్రోల్ రూంల ఇంత మంది లోకల్ అప్రెంటిస్‌లు అని వేరేగ రాయించండి, రాయితీ దానికి ముడిపెట్టండి.

మీకు ఒక విన్నపం ఎడిటర్ గారూ. మీ విలేకరులను జిల్లాకొకరిని ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు పంపండి. మీ ల్యాబ్‌ల గాలితోటి నడిచే కంట్రోల్ వాల్వ్ ఉన్నదా, ఉంటే పిల్లలు దాన్ని ఆఖరిసారి ఎప్పుడు విప్పిన్రు, ఈ రెండే అడగమనండి. ఏ కాలేజీ ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్,
హనుమకొండ